దసరాకే మాట్లాడుకోండి

పసుపు కొమ్మును మా ఆర్మూర్ వైపు కాడి అంటాం. దాన్ని రెండు బొటనవేళ్ల మధ్య పెట్టి విరిస్తే, బాగా ఎండినదైతే రేకు మీద గోటితో కొట్టినట్టు టక్కుమంటుంది. లోపల తడి మిగిలి ఉంటే చప్పుడు మందగిస్తుంది. నేను గుమాస్తాగా లెక్కలు రాసిన దుకాణంలో ఈ చప్పుడు వినడమే పనిగా ఒక పెద్దమనిషి ఉండేవాడు. అందరం కాకా అని పిలిచేవాళ్లం. బస్తాలో మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి నాలుగు కాడలు తీసి, ఒకటి విరిచి, విరిగిన చోటును ఎండకు పట్టి రంగు చూసేవాడు. ఆయన తల అడ్డంగా ఊపితే ఆ కుప్ప కొనేవాళ్లం కాదు.

ఒక మార్చి నెలలో, సరుకు ముమ్మరంగా దిగుతున్న రోజుల్లో, కాకా పక్క వ్యాపారి దగ్గరికి వెళ్లిపోయాడు. ముందురోజు సాయంత్రం నేనే అడిగాను.

"పోతున్నవటగా కాకా?"

"పోతున్న బిడ్డా. వాళ్లు సంక్రాంతికే ఇంటికొచ్చి అడిగిండ్రు. మన సేటు ఉగాదికి సూద్దామన్నడు."

సేటు చెడ్డవాడు కాదు. జీతాల మాట ఉగాదికి మాట్లాడుకోవడం ఆయన తండ్రి నాటి నుంచీ ఉన్న అలవాటు. కాకా ఎక్కడికి పోతాడులే అని కూడా అనుకున్నాడు. ఆ సీజన్‌లో సరుకు చూడటానికి ఒక కుర్రవాణ్ణి పెట్టారు. చురుకైనవాడే, కానీ పైపొర చూసి బస్తా ఒప్పుకునేవాడు. రెండు నెలలయ్యాక గోదాములో అడుగు వరుస బస్తాలు తిరగేస్తే గోనె మీద బూజు కనిపించింది. మళ్లీ కాంటా పెడితే తూకం తగ్గింది. లెక్కకోసం 150 క్వింటాళ్లు అనుకోండి. కొన్నప్పుడు నూటికి నాలుగు పాళ్లు అదనపు తడి ఉందంటే ఆరు క్వింటాళ్ల నీళ్లకు డబ్బు కట్టినట్టే. క్వింటాలు 12 వేలు వేసుకున్నా 72 వేలు. బూజు పట్టినదానికి ధర పడిపోవడం దానికి అదనం.

ఆ నష్టాన్ని పుస్తకంలో రాసింది నేనే. రాస్తున్నప్పుడు ఒక సంగతి మనసులో పడి ఇప్పటికీ పోలేదు. అంతకుముందు అన్నేళ్లు ఈ నష్టం రాకుండా కాకా ఆపాడు, కానీ దానికి నా పుస్తకంలో ఒక్క పద్దు లేదు. తెచ్చిన లాభానికి పద్దు ఉంటుంది, జరిగిన నష్టానికీ ఉంటుంది. జరగకుండా పోయిన నష్టానికి పద్దు ఎవరు రాస్తారు? అందుకే ఇలాంటి మనుషుల జీతం అన్ని చోట్లా వెనకబడి ఉంటుంది. యార్డులో తూకం దగ్గర తగాదా రాకుండా చూసే దడ్వాయి, ఆర్టీసీ డిపోలో తెల్లవారుజామున బ్రేకులు చూసే మెకానిక్, బిల్లు పోకముందే తప్పు పట్టుకునే గుమాస్తా, రాత్రి డ్యూటీ నర్సు, వీళ్లంతా ఆ కోవే.

ఫుట్‌బాల్ చూసేవాళ్లకు ఈ సంగతి ఇంకా తొందరగా అర్థమవుతుంది. మన నిజామాబాద్ జిల్లా పేరు దేశమంతా వినిపించిన గుగులోత్ సౌమ్య ముందువరుసలో ఆడే అమ్మాయి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2025లో ఆమెకు ఏటి మేటి క్రీడాకారిణి అవార్డు ఇచ్చింది. మాకు ఎంతో గర్వం. అయితే గోలు కొట్టేవాళ్ల మీద పడినంత వెలుతురు గోలు పడకుండా ఆపేవాళ్ల మీద పడదు.

హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతే చూడండి. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో 3–1తో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు గెలిచింది. ఆ ఏడాది 18 గోల్స్ కొట్టిన ఒగ్బెచే పేరు, చివరి రాత్రి పెనాల్టీలు ఆపిన గోల్‌కీపర్ కట్టిమణి పేరు అందరికీ గుర్తున్నాయి. కుడివైపు రక్షణలో పరుగెత్తిన సిక్కిం కుర్రవాడు ఆశిష్ రాయ్ పేరు ఎంతమంది చెప్పగలరు? జట్టు పుట్టిన 2019 నుంచీ అతను అక్కడే ఉన్నాడు. కప్పు గెలిచిన ఆ వేసవిలోనే ఏటీకే మోహన్ బగాన్‌కు వెళ్లిపోయాడు. 2023 మార్చి సెమీఫైనల్లో ఆ రెండు జట్లే ఎదురుపడ్డాయి. రెండు మ్యాచ్‌ల్లోనూ ఎవరికీ ఒక్క గోలూ రాలేదు. పెనాల్టీల్లో హైదరాబాద్ ఓడింది. కప్పు కోల్‌కతాకు పోయింది.

అదంతా ఒక్క ఆశిష్ వల్లే అంటే అన్యాయమవుతుంది. ఆ సీజన్ లీగ్‌లో హైదరాబాద్ 20 మ్యాచ్‌ల్లో 16 గోల్సే ఇచ్చింది, అంటే గోడ గట్టిగానే ఉంది. కాకపోతే మన దగ్గర ఎదిగిన మనిషి సరిగ్గా మనకు అవసరమైన రోజున అవతలి గట్టున నిలబడ్డాడు. 2023 వేసవిలో ఎడమవైపు కాపలా కాసిన ఆకాశ్ మిశ్రా ముంబై సిటీకి, కోచ్ మనోలో మార్కెజ్ గోవాకు వెళ్లారు. తరువాతి సీజన్‌లో జట్టు పట్టికలో అట్టడుగున నిలిచింది. దానికి పెద్ద కారణం డబ్బు ఇబ్బంది, జీతాలు అందక ఆటగాళ్లు విడిచిపోవడం. యజమానులు ఇక్కడొక మాట గుర్తు పెట్టుకోవాలి. ముందుగా ఒప్పందం రాసుకోవడం కంటే ముందు చేయాల్సింది ఒకటో తారీఖున జీతం ఇవ్వడం. అది లేనిచోట ఏ కాగితమూ మనిషిని నిలపదు.

పెద్ద క్లబ్బులూ ఈ తప్పు చేశాయి. 2003లో రియల్ మాడ్రిడ్ బెక్హామ్‌ను కొని, మధ్యలో నిలబడి ఎదుటివాళ్ల దాడులు విరగ్గొట్టే మకలేలేకు జీతం పెంచనంది. అతను చెల్సీకి వెళ్లాడు. చెల్సీ అతనితో 2005, 2006లో వరుసగా ఇంగ్లాండ్ లీగ్ గెలిచింది. రియల్‌కు మళ్లీ స్పెయిన్ లీగ్ దక్కింది 2007లో.

ఫుట్‌బాల్‌లో ఫిఫా నిబంధన ఒకటుంది. ఒప్పందం ముగియడానికి ఆరు నెలలు మిగిలాయంటే ఆటగాడు ఇంకో జట్టుతో ముందే సంతకం చేసుకోవచ్చు. అందుకే తెలివైన జట్టు ఏడాది మిగిలి ఉండగానే కూర్చోబెట్టి మాట్లాడుతుంది. మన పసుపు వ్యాపారంలో ఆ గడువు రాసి లేదు కానీ ఉంది. జూన్‌లో విత్తిన పంట జనవరి నుంచి తవ్వుతారు. ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టి మార్కెట్‌కు తెచ్చేసరికి ఫిబ్రవరి, మార్చి. పనిమంతుడి అవసరం అందరికీ ఒకేసారి పడేది అప్పుడే, అతని ధర పెరిగేదీ అప్పుడే. ఉగాది సరిగ్గా ఆ మధ్యలో వస్తుంది. దసరా, దీపావళి రోజుల్లో గోదాములు ఖాళీగా ఉంటాయి, సేటుకూ తీరిక ఉంటుంది. మాట్లాడుకోవాల్సింది అప్పుడు.

యజమానులకు ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. గమ్మున ఉండే ప్రతివాడూ కాకా కాడు. పని చేయక కనిపించనివాళ్లూ ఉంటారు. తేడా తెలుసుకోవడానికి నాకు తెలిసిన మంచి దారి అతను సెలవు పెట్టిన రోజులు చూడటం. ఆ రోజుల్లో వెనక్కొచ్చిన సరుకు ఎంత, మళ్లీ కాంటా ఎన్నిసార్లు పెట్టారు, రైతుతో గొడవ ఎన్నిసార్లు వచ్చింది? ఏ తేడా లేకపోతే తొందర అక్కర్లేదు. వయసు, ఆరోగ్యం, రేపు ఆ పని ఎలా మారబోతోందో కూడా చూడండి. తేమ కొలిచే మీటర్లు వచ్చేశాయి. మీటరు వచ్చిందని కాకాను పంపేయడం కాదు, మీటరు చూడటం కాకాకే నేర్పడం మేలు. ఎందుకంటే ఏ బస్తాలో, ఎంత లోతున మీటరు గుచ్చాలో చెప్పేది ఆయన చెయ్యే.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ముందుగా మాట్లాడుకోవడం అంటే ముందుగా బాకీ ఇచ్చి కట్టిపడేయడం కాదు. అడ్వాన్స్ తీర్చేదాకా కదలొద్దు అనడం 1976 నాటి వెట్టిచాకిరి రద్దు చట్టం ప్రకారం నేరం. ఒప్పందంలో ఇద్దరికీ బయటికి దారి ఉండాలి. నెల ముందు చెప్పి వెళ్లొచ్చు అన్న మాట రాయండి.

ఇక పనిచేసేవాళ్లకు. సేటు దసరాకే పిలిచి మాట్లాడాడంటే సంతోషించండి, కానీ అక్కడికక్కడే తల ఊపకండి. ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేయండి. ఇప్పుడు జీతం 16 వేలు అనుకుందాం. సేటు రెండేళ్లపాటు నెలకు 18 వేలు ఇస్తానన్నాడు. అంటే రెండేళ్లలో 4,32,000. ఒప్పుకోకుండా ఆగి, అయిదు నెలల తరువాత సీజన్‌లో బయట 20 వేలు దొరికిందనుకోండి. మొదటి అయిదు నెలలు 80 వేలు, మిగతా 19 నెలలు 3,80,000, మొత్తం 4,60,000. తొందరపడితే పోయేది 28 వేలు. ఎక్కడా పెరగక 16 వేల దగ్గరే ఉండిపోతే రెండేళ్లకు 3,84,000. అప్పుడు ఆగినందుకు పోయేది 48 వేలు. బయట పిలిచేవాళ్లు నిజంగా ఉన్నారా, ఇంట్లో అప్పు ఉందా, పిల్లల ఫీజు ఎప్పుడు కట్టాలి, ఇవి చూసుకుని తేల్చుకోవాలి. నా మాట అడిగితే మధ్యదారి ఉంది. మొదటి ఏడు 18 వేలు, రెండో ఏడు 20 వేలు అని అడగండి. మొత్తం 4,56,000 అవుతుంది. ఆగి వేచి చూసినవాడికంటే నాలుగు వేలే తక్కువ, నిద్ర మాత్రం హాయిగా పడుతుంది. సేటుకూ రెండో ఏడాది పెంపు అంత బరువనిపించదు.

దుకాణం మారేముందు గ్రాట్యుటీ చూసుకోండి. పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే చోట అయిదేళ్లు విడవకుండా ఉన్న పర్మనెంట్ ఉద్యోగికి ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున రావాలి. లెక్కలో నెలను 26 రోజులుగా తీసుకుంటారు. 18 వేల జీతం మీద అయిదేళ్లకు దాదాపు 51,900. నాలుగేళ్లు నిండినాక నెలకు వెయ్యి ఎక్కువని పరుగెత్తితే అది వదులుకున్నట్టు. ఇరవైమంది ఉన్న చోట పీఎఫ్ కూడా ఉండాలి. జీతం పెంపు అడిగేరోజే దాన్నీ అడగండి.

మీ పనికి పద్దు ఎవరూ రాయరు కాబట్టి మీరే రాసుకోండి. చిన్న నోట్‌బుక్ అయినా చాలు. ఫలానా తారీఖున ఇన్ని బస్తాలు తడి అని ఆపాను, ఫలానా బిల్లులో తప్పు పట్టాను, ఇంత మిగిలింది. పేర్లు అక్కర్లేదు, గొప్పలు అక్కర్లేదు. కాకా అలాంటి పుస్తకం పెట్టుకుని ఉంటే సేటు ఉగాదిదాకా ఆగేవాడు కాదని నేను నమ్ముతాను. గుమాస్తాను నేనే కదా, నేనైనా రాసి పెట్టాల్సింది. ఆ బాధ నాకుంది.

కుదిరిన మాటను కాగితం మీద పెట్టించుకోండి. దీని గురించి ఆర్మూర్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎర్రజొన్న బకాయిల కోసం 2008లో రైతులు రోడ్డెక్కిన ఊరు ఇది. పసుపు బోర్డు కోసం, మద్దతు ధర కోసం 2019 ఎన్నికల్లో 178 మంది రైతులు నిజామాబాద్ బరిలో నిలబడిన గడ్డ ఇది. బోర్డు 2025 జనవరిలో వచ్చింది. అడిగితే తప్ప రాదని, రాసి లేకపోతే నిలవదని ఇక్కడి రైతుకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అదే రైతు కొడుకు దుకాణంలో గుమాస్తాగా చేరాక జీతం అడగడానికి మొహమాటపడతాడు. పెద్ద దస్తావేజు అవసరం లేదు. జీతం ఎంత, ఎప్పటినుంచి, రెండో ఏడు ఎంత, వెళ్లాలంటే ఎన్నాళ్లు ముందు చెప్పాలి, ఈ నాలుగు మాటలు, కింద ఇద్దరి సంతకాలు. సేటు ఫోన్ నుంచి వాట్సాప్‌లో వచ్చినా లేనిదానికంటే మేలు.

ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయేవాళ్లు ఎక్కువ. దసరా దాటాక, దుకాణంలో గిరాకీ లేని ఒక మధ్యాహ్నం, నోట్‌బుక్ చేతిలో పట్టుకుని వెళ్లండి. నిలబడి కాదు, కూర్చుని మాట్లాడండి. "సేటూ, ఒక పది నిమిషాలు మీతోని మాట్లాడాలె. పోయిన సీజన్ల నేను ఆపిన సరుకు లెక్క రాసిన, ఒకసారి సూడుండ్రి. వచ్చే సీజన్‌కు నేను ఈడనే ఉందామనుకుంటున్న. మీరేమంటరో సంక్రాంతిలోపు చెప్పుండ్రి." ఇంత చెప్పి, నోట్‌బుక్ ఆయన ముందు పెట్టి, ఆయన పేజీలు తిప్పేదాకా ఆగండి.