మాతృత్వానికి వైద్యశాస్త్రపు చేయూత

మాతృత్వం మహోన్నతమైనదని మన పెద్దలు చెబుతారు. తల్లి ప్రాణం అంతకంటె విలువైనది. ఒకప్పుడు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ సోకిన యువతి ఈ రెండింటిలో ఒకదానిని వదులుకోక తప్పేది కాదు. గర్భాశయాన్ని సమూలంగా తొలగిస్తే ప్రాణం దక్కేది; సంతానంపై ఆశ అంతరించేది. వ్యాధి తొలిదశలోనే బయటపడిన కొందరికి నేడు ఆ ధర్మసంకటం తప్పింది.

గర్భాశయం బోర్లించిన బేరిపండు ఆకారంలో ఉంటుంది. దాని క్రింది సన్నని భాగమే ముఖద్వారం. శిశువు పెరిగేది పైభాగంలో. కనుక వ్యాధి క్రింది భాగానికే పరిమితమైనప్పుడు, దానిని మాత్రమే తొలగించి పైభాగాన్ని నిలుపవచ్చు. ఫ్రాన్సులోని లియాన్ నగర వైద్యుడు డానియేల్ డార్జాన్ 1987లో ఇటువంటి శస్త్రచికిత్సకు శ్రీకారం చుట్టాడు. దీనిని ట్రాకెలెక్టమీ అంటారు. ముఖద్వారాన్ని, దాని చుట్టూ ఉన్న కణజాలాన్ని తొలగించి, మిగిలిన గర్భాశయాన్ని యోనికి కలిపి కుడతారు. గర్భం జారిపోకుండా సాధారణంగా క్రింది అంచు చుట్టూ బలమైన కుట్టు వేస్తారు. వ్యాధి మరీ సూక్ష్మంగా ఉంటే శంఖువు ఆకారంలో కొద్ది భాగాన్ని తీస్తే సరిపోతుంది.

ఈ చికిత్స అందరికీ తగినది కాదు. కణితి సాధారణంగా రెండు సెంటీమీటర్లకు మించరాదు. లింఫు గ్రంథులకు వ్యాధి ప్రాకి ఉండరాదు. ప్రాకినట్లు తేలితే ప్రాణరక్షణకే ప్రాధాన్యం. శస్త్రచికిత్స తరువాత గర్భధారణకు ఆరు నెలల నుండి సంవత్సరం వరకు ఆగమని వైద్యులు సాధారణంగా సూచిస్తారు. నెలలు నిండకముందే కాన్పయ్యే ప్రమాదం ఎక్కువ కనుక గర్భిణిని జాగ్రత్తగా కనిపెట్టి ఉండాలి. ట్రాకెలెక్టమీ జరిగినవారికి సిజేరియన్ ద్వారా కాన్పు చేస్తారు. ఇన్ని కష్టాలకోర్చి ప్రపంచంలో ఎందరో స్త్రీలు బిడ్డలను ఎత్తుకున్నారు.

ఈ అవకాశమంతా వ్యాధిని ముందుగా గుర్తించడంపైనే ఆధారపడి ఉంది. దీనికి మూలం హ్యూమన్ పాపిలోమా వైరస్ అని నిరూపించిన జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది. వైరస్ సోకిన తరువాత క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా అనేక సంవత్సరాలు పడుతుంది. ఆ వ్యవధియే మనకు వరం. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో ఒక్కసారి ఈ వైరస్ పరీక్ష చేసిన గ్రామాలలో, పరీక్షలు లేని గ్రామాలతో పోలిస్తే, ఈ వ్యాధి మరణాలు ఇంచుమించు సగమేనని 2009లో వెల్లడైంది.

హైదరాబాదులోని యూసుఫ్‌గూడ నుండి పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రికి దూరం కొద్ది కిలోమీటర్లే. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి కూడా అదే నగరంలో ఉంది. కాని నెలసరి మధ్య రక్తస్రావమవుతున్నదని ఇంట్లో నోరు విప్పలేని స్త్రీకి ఆ కొద్ది దూరమే దుర్గమమవుతుంది. పైగా తొలిదశలో ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. కనుక బాధ లేకపోయినా, ముప్పై ఏళ్ళు దాటిన స్త్రీలు వైద్యుల సలహాపై పరీక్ష చేయించుకోవాలి.

తొమ్మిది నుండి పద్నాలుగేళ్ళ బాలికలకు టీకా ఇప్పించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. మన దేశంలో తయారైన టీకాకు 2022లో అనుమతి లభించింది. టీకా తీసుకున్నవారికి కూడా తరువాత పరీక్షలు అవసరమే.

సంతానం కావాలో వద్దో, ఏ చికిత్స మేలో వైద్యులు వివరించిన పిదప నిర్ణయించుకునే హక్కు ఆ స్త్రీదే. బిడ్డలు కలుగకపోయినంత మాత్రాన ఆమె విలువ తగ్గదు. చదువుకున్న యువతీయువకులు ఈ విషయాలను తమ తల్లులకు, అక్కలకు సంకోచం లేకుండా తెలియజేయాలి. విద్యకు సార్థకత అదే.