ఆబోతు ఎంపికలో అంకెలు ఏం చెబుతాయి?

ఎత్తైన మూపురం, కండపట్టిన శరీరం, తెల్లటి మెరుపు ఉన్న ఒంగోలు ఆబోతును చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. అయితే దాని దూడలు కూడా అంత బలంగా ఎదుగుతాయా? రూపం చూసి ఈ సంగతి కచ్చితంగా చెప్పలేం.

పశువు బరువుకు జన్యువులూ కారణమే, పెంపకమూ కారణమే. మంచి మేత దొరికిన దూడ ఏపుగా పెరుగుతుంది. కానీ ఆ మేత ప్రభావం సంతానానికి సంక్రమించదు. సంక్రమించేవి జన్యువులే, అవి కూడా తండ్రి నుంచి సగమే. అందుకే ఒకే మందలో, ఒకే కాలంలో, ఒకే మేతతో పెరిగిన పశువులను పరస్పరం పోలుస్తారు. ఆబోతుతో పాటు దాని తల్లిదండ్రులు, తోబుట్టువులు, సంతానం వివరాలను కలిపి లెక్కగట్టి ఒక అంకె తేలుస్తారు. దీనినే ఈపీడీ అంటారు. అంటే సంతానంలో ఆశించదగిన తేడా.

ఏడాది వయసు బరువులో ఒక ఆబోతు ఈపీడీ +12 కిలోలు, మరొకదానిది +4 కిలోలు అనుకుందాం. ఒకే తరహా ఆవులు, ఒకే పెంపకం ఉంటే మొదటిదాని దూడలు సగటున 8 కిలోలు ఎక్కువ తూగుతాయని అర్థం. ఇది సగటు మాత్రమే, ప్రతి దూడకూ హామీ కాదు. పైగా పుట్టుక బరువు కూడా పెరిగితే ఈత కష్టం కావచ్చు. కాబట్టి ఒక్క లక్షణాన్నే చూడకూడదు. బరువు తూచిన దూడల సంఖ్య పెరిగేకొద్దీ అంచనాపై నమ్మకం పెరుగుతుంది.

ఈ పద్ధతి ఒంగోలు సంతతిపైనే పెద్ద ఎత్తున అమలవుతోంది, అయితే బ్రెజిల్‌లో. తెలుగు తీరం నుంచి వెళ్లిన ఈ పశువులను అక్కడ నెల్లూరు పేరుమీద ‘నెలోర్’ అంటారు. నేడు అక్కడి ప్రధాన మాంసపు జాతి అదే. 1960ల తొలినాళ్లలో వెళ్లిన ప్రసిద్ధ ఆబోతు పేరు ‘కరవది’. అది ఒంగోలు దగ్గరి ఊరి పేరు.

అక్కడి అంకెలను మనం యథాతథంగా వాడుకోలేం. వాతావరణం, మేత వేరు. ఇక్కడ దుక్కి బలం, పాలు కూడా ముఖ్యం. హైదరాబాద్‌లోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ రూపొందించిన ‘ఇండిగౌ’ చిప్ 2021లో విడుదలైంది. ఒంగోలు సహా దేశవాళీ జాతుల జన్యు గుర్తులను అది చదవగలదు. అయితే ఏ గుర్తు ఏ లక్షణానికి సంబంధించిందో తెలియాలంటే మన మందల బరువులు, పాల దిగుబడి, ఈతల వివరాలు నమోదు కావాలి. కృత్రిమ గర్భధారణతో ఒకే ఆబోతు వేల దూడలకు తండ్రి అవుతుంది. ఎంపికలో పొరపాటు జరిగితే అదీ అన్ని కొట్టాలకూ చేరుతుంది.