ముందు శిరస్సు, వెనుక పాదములు

ఏ కట్టడమైనను పునాదినుండి పైకి లేచుట లోకరీతి. లండనులోని హీత్రూ విమానాశ్రయమున ఒక గోపురమునకు మాత్రము శిరస్సే మొదట సిద్ధమైనది.

అచట అయిదవ టెర్మినలు కట్టదలచినపుడు, పాత నియంత్రణ గోపురమునుండి ఆ వైపు చక్కగా కనబడదని క్రొత్తదానిని తలపెట్టిరి. దానికి తగిన చోటు విమానములు నిత్యము మెలగు నడిమి భాగమున నున్నది. అచట చిరకాలము పెద్ద క్రేనులు నిలిపినచో రాకపోకల కాటంకము. కొన్నాళ్లు ఆపుదమన్నచో, అంత రద్దీకి ఉన్నవి రెండే రన్‌వేలు! కావున ఇంజనీర్లు సుమారు 900 టన్నుల శిరోభాగమును వేరొక మూల నిర్మించి, 2004లో ఒక రాత్రి చక్రముల వాహనములపై మైదానము దాటించిరి. తెల్లవారుసరికి ఆ దారి విమానముల కక్కరకు రావలెను. నడుమ వాహనము మొరాయించియున్నచో ఎన్ని వేలమంది చిక్కుపడియుందురో ఊహింపుడు.

పిమ్మట దానిని జాకీలతో ఎత్తుచు, క్రింద ఉక్కు స్తంభభాగములను ఒక్కొక్కటిగా చేర్చి, 87 మీటర్ల గోపురముగా నిలిపిరి. 2007లో అది పనిలో ప్రవేశించినది.