అంకెల చిరునామా

పాఠ్యభాగ ఉద్దేశం: యంత్రం మొరాయించినప్పుడు కలతపడక, కారణాన్ని క్రమంగా అన్వేషించే అలవాటును విద్యార్థులలో పెంపొందించడం.

హైదరాబాదుకు పడమట ఉన్న మాదాపూర్‌లో 1998 నవంబరు 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. దాని చుట్టూ హైటెక్ సిటీ విస్తరించింది. దేశదేశాల కంప్యూటర్లకు సాఫ్ట్‌వేర్ సమకూర్చే ఆ ప్రాంతంలోనే, ఒక ఇంట్లో ఒక రాత్రి ఒక్క అంకె తేడా వల్ల కంప్యూటరు మూగవోయింది.

ఆ ఇంటి అమ్మాయి ఇంజనీరింగ్ కళాశాలల ఐచ్ఛికాలు నమోదు చేసుకోవడానికి అదే చివరి రాత్రి. రెండు రోజులు కూర్చుని సిద్ధపరచుకొన్న జాబితా కంప్యూటరులోనే ఉంది. వైర్‌లెస్ సంకేతం నిండుగా కనిపిస్తున్నా ఒక్క పుట కూడా తెరుచుకోలేదు. ఆ సాయంత్రమే అమర్చిన కొత్త రౌటరును తండ్రి పలుమార్లు ఆపి, మళ్లీ వేశాడు. ఫలితం లేదు. పొరుగింటివాడిని కనుక నన్ను పిలిచారు.

“మాస్టారూ, ఫోనులో వస్తోంది. కంప్యూటరులోనే రావడం లేదండీ” అన్నదా అమ్మాయి.

సగం సమాధానం ఆ మాటలోనే ఉంది. ఫోనుకు అందుతున్నదంటే రౌటరూ, బయటినుంచి వచ్చే తీగా బాగున్నట్లే. ఇక వెదకవలసినది కంప్యూటరులోనే.

అంతర్జాలంలో సమాచారం గమ్యం చేరడానికి ఆధారం ఐ.పి. చిరునామా. 1981 నాటి ప్రమాణం ప్రకారం ఇది 0 నుంచి 255 వరకు గల నాలుగు సంఖ్యల కూర్పు. ఈ కూర్పులు సుమారు 430 కోట్లు మాత్రమే. లోకంలోని యంత్రాలన్నింటికీ అవి చాలవు. అందుచేత 192.168తో మొదలయ్యేవాటి వంటి కొన్నింటిని ఇళ్ల, కార్యాలయాల లోపలి వాడుకకు 1996 నాటి ప్రమాణం ప్రత్యేకించింది. పది వీధులలో పది అయిదో నంబరు ఇళ్లు ఉండవచ్చు. ఒకే వీధిలో మాత్రం రెండు ఉండరాదు.

సాధారణంగా రౌటరే ఈ చిరునామాలను పంచిపెడుతుంది. ఆ కంప్యూటరులో మాత్రం ఎవరో పూర్వం చేతితో నమోదు చేశారు. చిరునామా 192.168.1.20, గేట్‌వే 192.168.1.1 అని ఉన్నాయి. కొత్త రౌటరు చిరునామా 192.168.0.1 అని ఫోనులో కనిపించింది. మూడవ సంఖ్య మారింది. వీధి మారినా కంప్యూటరు పాత వీధి తలుపే తడుతున్నది! చిరునామా దానంతట అదే వచ్చేటట్లు మార్చగానే పుట తెరుచుకొన్నది. అర్ధరాత్రికి ముందే ఐచ్ఛికాల నమోదు పూర్తయింది.

చేతితోనే చిరునామా ఇవ్వవలసివస్తే కొన్ని విషయాలు గమనించాలి. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 అయినప్పుడు మొదటి మూడు సంఖ్యలు రౌటరువాటితో సరిపోవాలి. నాలుగవది 1 నుంచి 254 లోపు ఉండి, ఇంట్లోని మరే యంత్రానికీ ఉండరాదు. రౌటరు పంచే వరుసలోనిది కూడా కారాదు. లేకుంటే ఒకే చిరునామా ఇద్దరికి దక్కి పేచీ పుడుతుంది. గేట్‌వేగా రౌటరు చిరునామానే ఇవ్వాలి. అంకెలతో పిలిస్తే పలికి, పేరుతో పిలిస్తే పలకని పక్షంలో పేర్లను అంకెలుగా మార్చే డి.ఎన్.ఎస్. అమరికను చూడాలి.

తాళపత్ర గ్రంథాలను పరిష్కరించే పండితుడు ఒక అక్షరం తప్పిందని పద్యమంతా తిరగరాయడు. మరొక ప్రతితో పోల్చి, తప్పిన చోటును గుర్తించి, అంతవరకే దిద్దుతాడు. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ పండితులచేత ఇలాగే ప్రతులను సరిచూపించాడు. ఆ రాత్రి మాకు ఫోనే రెండవ ప్రతి. పనిచేస్తున్నదానితో పనిచేయనిదాన్ని పోల్చి చూడడమే ఏ పరిష్కారానికైనా తొలిమెట్టు.

అర్థాలు
మొరాయించు = మొండికేయు
ప్రతి = గ్రంథపు నకలు
పేచీ = తగవు

ప్రశ్నలు
1. లోపం కంప్యూటరులోనే ఉన్నదని రచయిత ఎలా గ్రహించాడు?
2. ఐ.పి. చిరునామాను చేతితో ఇచ్చేటప్పుడు పాటించవలసిన నియమాలేవి?
3. “ఆ రాత్రి మాకు ఫోనే రెండవ ప్రతి.” సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.