ఓడను నడుపువా రెవరు?

ఓడను నడుపువా డెవడని తరగతిలో ప్రశ్నించినచో పెక్కుమంది బాలురు "కప్తాను" అని వెంటనే బదులు చెప్పుదురు. ఆ మాట సగమే నిజము. కప్తాను చుక్కాని చక్రమును తన చేతితో పట్టుట మిక్కిలి అరుదు. చక్రమును పట్టినవానికి త్రోవను నిర్ణయించు అధికారము లేదు. అడుగున యంత్రములను నడుపువానికి సముద్రము కనబడదు. ఓడను రేవు లోపలికి తెచ్చునప్పుడు ఆజ్ఞలిచ్చువాడు ఆ ఓడకు చెందిన మనుష్యుడే కాడు. ఇంతమంది చేతులమీదుగ ఒక్క ఓడ సాగుచుండగా, ఆపద వచ్చిననాడు జవాబు చెప్పవలసినవా డెవడు? ఈ వ్యాసమునందు మేము విచారింపదలచిన దిదియే.

మొదట కొన్ని మాటలను గూర్చి చెప్పుదుము. చుక్కాని అచ్చ తెనుగు మాటవలె మనకు తోచును గాని, అది అరబ్బు నావికుల "సుక్కాన్" నుండి వచ్చినది. సరంగు అనునది పారసీక పదము. సముద్రమునకు ఎల్లలు లేనట్లే దాని భాషకును లేవు. శ్రీకాకుళపు తీరమున పడవకు పెద్దయగు వానిని నేటికిని తండేలని పిలుతురు. చిన్న పడవలో తండేలే గాలిని చూచి త్రోవ నిర్ణయించును. అవసరమైనప్పుడు తానే చుక్కాని పట్టును. అక్కడ ఆజ్ఞయు, చేయియు ఒక్కనివే. ఓడ పెద్దదైనకొలది ఈ రెండును విడిపోయినవి.

పూర్వకాలపు మధ్యధరా సముద్రపు ఓడలకు వెనుక భాగమున ఇరుప్రక్కల రెండు పెద్ద తెడ్లు చుక్కానులుగ నుండెడివి. అపొస్తలుల కార్యముల 27వ అధ్యాయములోని ఓడకు ఒకటికంటె ఎక్కువ చుక్కానులుండుటకు కారణ మిదియే. ఉత్తర ఐరోపా వారు తెడ్డును కుడిప్రక్కనే అమర్చుకొనెడివారు గనుక, ఇంగ్లీషు నావికులు కుడిప్రక్కకు "స్టార్‌బోర్డు", అనగా చుక్కాని ప్రక్క, అని పేరిడిరి. ఎడమప్రక్కకు "లార్‌బోర్డు" అను పేరుండెను. గాలివానలో ఈ రెండు మాటలును ఒక్కతీరుననే వినబడును గదా! 1844లో బ్రిటిషు నౌకాశాఖ "లార్‌బోర్డు"ను మానిపించి "పోర్టు" అను మాటను నిర్బంధముగ వాడించెను. ఒక్క అక్షరము పొరపాటున విన్నచో ఓడ మునుగునను భయమే ఈ మార్పునకు మూలము.

ఇక చుక్కాని పని యెట్టిదో తెలిసికొనవలెను. అది తనంతట తాను ఓడను త్రిప్పలేదు. దానిమీదుగ నీరు ప్రవహించినప్పుడే త్రిప్పుబలము పుట్టును. కావున నిలిచియున్న ఓడకు చుక్కాని యున్నను లేనట్లే. మెల్లగ సాగు ఓడ దానికి ఆలస్యముగ లోబడును. సైకిలు ముందు చక్రమును త్రిప్పగనే వెనుక చక్రము దాని వెంబడి వచ్చును. ఓడ అట్లు కాదు. ఎడమకు త్రిప్పినప్పుడు ముక్కు ఎడమకు పోవుచుండగా తోక కుడికి విసరబడును. ఇరుకు కాలువలో ముక్కు తప్పించుకొన్నను తోక గట్టునకు తగులుట యిందువలననే. నేటి అంతర్జాతీయ నియమము ననుసరించి, పూర్తి వేగముతో పోవు ఓడయందు చుక్కాని ఒక ప్రక్క 35 డిగ్రీల నుండి రెండవ ప్రక్క 30 డిగ్రీల వఱకు 28 సెకనులలోపల తిరుగవలెను. అయితే చుక్కాని తిరుగుట వేఱు, ఓడ తిరుగుట వేఱు. వేలకొలది టన్నుల భారము ఒక త్రోవను పట్టిన పిమ్మట దానిని మఱలించుటకు చాల దూరము కావలెను. అందుచేత ఓడ నడుపువారి విద్య యంతయు ముందుచూపునందే యున్నది.

కప్తానుకు లోబడి ముగ్గురు మేట్లుందురు. మొదటి మేటు సరకు నెక్కించుట, దింపుట, ఓడ ఒరగకుండ బరువును సర్దుట చూచును. రెండవవాడు పటములను సరిచేసి త్రోవను గీయును. మూడవవానికి సాధారణముగ ప్రాణరక్షణ పడవలు, అగ్నిమాపక సాధనములు అప్పగింపబడును. ఇవిగాక ముగ్గురును వంతులవారీగ కావలి కాయుదురు. నాలుగు గంటల కావలి, ఎనిమిది గంటల విరామము, మఱల నాలుగు గంటల కావలి. ఇదియే పెక్కు ఓడలలోని ఆచారము. కావలిలో నున్న అధికారి కప్తాను నిద్రించుచున్నప్పుడు ఆయన కన్నువంటివాడు. సందేహము కలిగినచో ఏ యర్ధరాత్రమందైనను కప్తానును లేపుట అతని విధి. లేపుటకు మొగమోటపడు చిన్న అధికారికంటె ఊరక లేపువాడే మేలని మా యభిప్రాయము.

చక్రమును పట్టువానిని మన తూర్పు సముద్రముల ఓడలలో సుకాని యనెడివారు. బ్రిటిషు వారి ఆవిరి ఓడలలో సరంగులు, సుకానులు, కలాసీలు పెక్కుమంది ఈ దేశస్థులే. అధికారులు మాత్రము ఐరోపావారు. సముద్రములు దాటించిన చేతులు మనవి, ఆజ్ఞలు పరులవి. 1927లో బొంబాయియందు "డఫరిన్" అను శిక్షణనౌకను నెలకొల్పినప్పుడు భారతీయ బాలురకు ఈ దేశముననే అధికారి విద్య దొరకెను. 1948 మార్చి 14వ తేదీన విశాఖపట్టణమందు నిర్మింపబడిన "జలఉష"ను నెహ్రూగారు నీట ప్రవేశపెట్టునాటికి, ఓడను కట్టుటకును, నడుపుటకును, దానిమీద ఆజ్ఞ యిచ్చుటకును మనవారు సిద్ధపడుచుండిరి.

చుక్కాని పట్టువానికి ఇచ్చు ఆజ్ఞకు ఒక పద్ధతి కలదు. అధికారి "స్టార్‌బోర్డు పది" అనును. చక్రము నొద్దనున్నవాడు ఆ మాటనే బిగ్గరగ తిరిగి చెప్పి చక్రము త్రిప్పును. చుక్కాని కుడికి పది డిగ్రీలు తిరిగినదని ఎదుటనున్న ముల్లు చూపగనే ఆ సంగతిని మఱల తెలుపును. అధికారియు ఆ ముల్లునే చూచుచుండును. "మిడ్‌షిప్స్" అనినచో చుక్కానిని నడుమకు తేవలెను. "స్టెడీ" అనినచో ఆ క్షణమున ఓడముక్కు ఏ దిక్కున నున్నదో ఆ దిక్కుననే నిలుపవలెను. చిన్న తరగతులలో ఎక్కములను వల్లె వేయించినట్లున్నదని పిల్లలు నవ్వవచ్చును. ఈ వల్లెయే ప్రాణములను కాపాడును. చెప్పినవానికిని, చేసినవానికిని నడుమనున్న కంటికి కనబడని సందును మూయు సాధన మిది యొక్కటే.

ఈ సంగతి 1912 ఏప్రిలు 14వ తేదీ రాత్రి "టైటానిక్" ఓడలో జరిగిన దానివలన స్పష్టపడును. రాత్రి 11 గంటల 40 నిమిషములకు ఓడస్తంభముమీద నున్న కాపరి ఫ్రెడరిక్ ఫ్లీటు ఎదుట మంచుకొండను చూచి గంట కొట్టి, టెలిఫోనులో తెలిపెను. కావలి అధికారి విలియం మర్డాకు "హార్డ్ ఎ స్టార్‌బోర్డు" అని ఆజ్ఞ యిచ్చెను. చక్రము పట్టిన రాబర్టు హిచెన్సు మూసిన గదిలో నుండెను. ఎదుటి సముద్రము వానికి కనబడదు. వాడు కొండను చూడలేదు, కారణ మడుగలేదు, విన్న ఆజ్ఞను చేసెను. చక్రము పూర్తిగ తిరిగినదని ప్రక్కనున్న చిన్న అధికారి మర్డాకునకు తెలిపెను. ఇంతవఱకు ఎవరి పని వారు చేసిరి.

స్టార్‌బోర్డు అనగా కుడి గదా, ఓడ ఎడమకు తిరిగెనేమి అని చదువరులు శంకింపవచ్చును. ఆ కాలమందలి ఆజ్ఞ చుక్కాని పిడిని గూర్చినది, ఓడముక్కును గూర్చినది కాదు. పిడి కుడికి పోయినచో చుక్కాని ఎడమకు, ఓడయు ఎడమకు తిరుగును. చక్రములు వచ్చి పిడులు కనుమరుగైన పిమ్మటగూడ పాత మాటయే నిలిచిపోయెను. 1929లో లండనులో జరిగిన అంతర్జాతీయ సమావేశము, ఆజ్ఞలో ఏ దిక్కు చెప్పబడునో ఆ దిక్కునకే చక్రమును, చుక్కానియు, ఓడముక్కును తిరుగవలెనని తీర్మానించెను. బ్రిటిషు ఓడలలో 1933 మొదలుకొని అట్లే జరిగెను. టైటానిక్ మునుగుటకు ఈ మాటల చిక్కు కారణము కాదు. దాదాపు 22 నాట్ల వేగముతో పోవుచుండిన ఆ ఓడ రెండు పాయింట్లు, అనగా 22½ డిగ్రీలు, తిరుగులోపలనే దెబ్బ తగిలెను. మంచు కలదని ఇతర ఓడలనుండి వార్తలు వచ్చినను వేగము తగ్గింపబడలేదు. వేగమును నిర్ణయించినది హిచెన్సు కాడు. కప్తాను ఎడ్వర్డు స్మిత్తు ఓడతోపాటు మృతినొందెను. సుమారు 1,500 మంది ప్రాణములు పోయెను.

యంత్రశాలను గూర్చి క్లుప్తముగ చెప్పుదుము. ప్రధాన ఇంజనీరు కప్తానుకు లోబడినవాడే యైనను తన శాలకు తానే పెద్ద. పూర్వము పైనుండి గంట మ్రోగించు ఇత్తడి టెలిగ్రాఫుమీద "నెమ్మది", "సగము", "పూర్తి", "వెనుకకు" అని ముల్లును త్రిప్పెడివారు. క్రిందివారు తమ ముల్లునుగూడ ఆ గుర్తునకే త్రిప్పి గంట మ్రోగించెడివారు. ఇక్కడను అదే వల్లె.

ఇక జవాబుదారి విషయము. 2012 జనవరి 13వ తేదీ రాత్రి ఇటలీయందలి జిల్యో ద్వీపము చెంత "కోస్తా కంకార్డియా" అను ప్రయాణికుల ఓడ బండను తాకి ఒరగిపోయెను. 32 మంది మరణించిరి. గట్టునకు మిక్కిలి చేరువగ ఓడను తీసికొనిపోయినవాడు కప్తాను ఫ్రాంచెస్కో స్కెట్టీనో. కడపటి నిమిషములలో చక్రము పట్టినవాడు ఆజ్ఞలను సరిగ గ్రహింపక తప్పుగ త్రిప్పుటయు జరిగెను. ఆ చక్రము పట్టినవాడును, మఱి నలుగురును తమపై మోపబడిన నేరములకు 2013లో శిక్షల నంగీకరించిరి. అయినను న్యాయస్థానము 2015లో 16 సంవత్సరముల కారాగారశిక్ష విధించినది కప్తానుకే. 2017లో పై న్యాయస్థానము దానిని ఖాయపఱచెను. ప్రయాణికు లింకను లోపల నుండగనే తాను ఓడ విడిచిన నేరముగూడ అందు చేరియుండెను. క్రిందివాని తప్పు పైవాని తప్పును తగ్గింపదని ఈ తీర్పువలన తేలుచున్నది. పైవాని తప్పు క్రిందివానిని పూర్తిగ విడిపింపదనియు తేలుచున్నది. పిల్లలు ఈ రెండవ భాగమును తఱచు మఱతురు.

పైలటు విషయము ఇంకను విచిత్రమైనది. విశాఖపట్టణపు రేవునే చూడుడు. 1933 అక్టోబరు 7వ తేదీన "జలదుర్గ" అను ఓడ ప్రవేశించుటతో ఆ రేవు సముద్రపు ఓడలకు తెఱవబడెను. డాల్ఫిన్స్ నోస్ కొండ మొదట నున్న కాలువగుండ లోపలికి పోవలెను. ఒక ప్రక్క కొండ, రెండవ ప్రక్క ఊరు, అడుగున ఇసుక. ఈ నీటి పోకడ, లోతు, గాలి ఎఱిగినవాడు ఆ రేవు పైలటు. ఆయన చిన్న పడవలో ఎదురేగి, కదలుచున్న ఓడ ప్రక్కను వ్రేలాడు త్రాటినిచ్చెన నెక్కి వచ్చును. కప్తాను ఆయనకు తన ఓడ లోతును, యంత్రముల బలమును, తిరుగు తీరును తెలుపును. ఆ పిమ్మట ఆజ్ఞలు పైలటువి. చక్రము నొద్దనున్నవాడు ఇంతవఱకెన్నడు చూడని మనుష్యుని మాట విని త్రిప్పుచుండును.

ఇట్లుండియు ఓడ కప్తానుదే. పైలటు ఆజ్ఞ అపాయకరమని తోచినచో కప్తాను దానిని మార్పవచ్చును, మార్పవలెను. ఊరకుండినచో ఆ మౌనమునకు జవాబు చెప్పవలెను. ప్రపంచమున ప్రసిద్ధమైన మినహాయింపు పనామా కాలువ. అక్కడ ఓడను నడుపు అధికారము పైలటుకే చెందును. మిగిలిన రేవులలో ఇద్దరు పెద్దలు ప్రక్కప్రక్కన నిలిచియుందురు. ఒకరికి ఆ నీరు తెలియును, ఒకరికి ఆ ఓడ తెలియును.

విశాఖ తీరమున నిలిచి రేవులోనికి వచ్చు ఓడను చూచు విద్యార్థులు దాని జెండాలను గమనింపవలెను. నిలువుగ సగము తెలుపు, సగము ఎఱుపు గల జెండా ఎగురుచున్నచో పైలటు ఓడమీద నున్నాడని అర్థము. ఓడ బయటికి పోవునప్పుడు కాలువ దాటినపిమ్మట ఆయన మఱల నిచ్చెన దిగి పడవలో కూర్చుండును, జెండా దింపబడును, కావలి అధికారి చక్రము నొద్దనున్నవానికి క్రొత్త దిక్కు చెప్పును, వాడు దానిని తిరిగి చెప్పును.