కీలు మార్పిడి శస్త్రచికిత్స – అంటురోగ నివారణ

అరిగిపోయిన తుంటి కీలును గాని, మోకాలి కీలును గాని తొలగించి, దాని స్థానంలో లోహంతోను ప్లాస్టిక్కుతోను చేసిన కృత్రిమ కీలును అమర్చడం వైద్యశాస్త్రం సాధించిన ఘనవిజయాలలో ఒకటి. ఏళ్ల తరబడి మంచం పట్టినవారు మరల తమ కాళ్లపై నడవగలుగుతున్నారు. అయితే ఈ చికిత్సను వెన్నాడే భయం ఒకటున్నది. అది ఆసుపత్రిలోనే రోగికి అంటుకొనే చీమువ్యాధి.

సజీవ కణజాలానికి రక్తం రక్షణ కల్పిస్తుంది. లోహానికి రక్తప్రసారం లేదు. అందువల్ల కొద్దిపాటి సూక్ష్మజీవులు సైతం దానిని అంటిపెట్టుకొని, తమ చుట్టూ జిగురుపొరను అల్లుకొంటాయి. ఆ పొర చాటున ఉన్నవాటిని తెల్ల రక్తకణాలు గాని మందులు గాని సులభంగా నశింపజేయలేవు. తరచుగా, అమర్చిన కీలునే తీసివేయవలసిన దుస్థితి ఏర్పడుతుంది. కాబట్టి ఇక్కడ చికిత్స కంటె నివారణ ముఖ్యం.

ఇంగ్లండులోని రైటింగ్‌టన్ ఆసుపత్రిలో 1962లో నేటి తుంటి కీలు మార్పిడికి పునాది వేసిన జాన్ చార్న్‌లీ ఈ సత్యాన్ని అనుభవంతో గ్రహించారు. తొలినాళ్లలో ఆయన రోగులలో నూటికి సుమారు 7 మందికి చీము పట్టింది. ఆయన ఆ లెక్కను దాచలేదు. వడగట్టిన గాలి ప్రసరించే ప్రత్యేకమైన గదిని నిర్మించారు. వైద్యుల దుస్తులను, గాయాన్ని కుట్టే పద్ధతిని మెరుగుపరిచారు. 1972లో 5,800 శస్త్రచికిత్సల ఫలితాలను ప్రకటించే నాటికి ఆ సంఖ్య నూటికి 1 లోపునకు దిగింది.

అయితే ఇన్ని మార్పులలో ఫలితం దేనిది? బ్రిటన్, స్వీడన్ దేశాలలో 8,000 పైచిలుకు శస్త్రచికిత్సలపై జరిగిన పరిశోధన 1982లో వెలువడింది. సాధారణ గదులలో నూటికి 1.5గా ఉన్న వ్యాధి, శుద్ధవాయువు గల గదులలో 0.6గా తేలింది. ముందుగా ఇచ్చిన యాంటీబయాటిక్ మందులు సైతం మేలు చేశాయి. తరువాతి పరిశీలనలలో ఆ వాయుయంత్రాల ప్రయోజనం రుజువు కాలేదు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని వాడరాదని సూచించింది. తన నిర్ణయాన్ని తానే సవరించుకొనడం విజ్ఞానశాస్త్రానికి అవమానం కాదు, అలంకారం.

ఆ సంస్థే నొక్కి చెప్పిన నియమాలు మాత్రం ఖర్చులేనివి, లేదా స్వల్పవ్యయంతో కూడినవి. శస్త్రచికిత్సకు ముందు రోగి స్నానం చేయాలి. రోమాలను కత్తితో గొరగరాదు. యాంటీబయాటిక్ మందును కోతకు ముందు రెండు గంటల లోపుననే ఇవ్వాలి. శస్త్రచికిత్స ముగిసిన పిదప నివారణ పేరిట దానిని కొనసాగించరాదు. ముక్కులో స్టఫిలోకాకస్ ఆరియస్ క్రిములు ఉన్నవారికి ముందుగానే మ్యుపిరోసిన్ లేపనం వాడాలి. అన్నిటికంటె ముఖ్యం, చేతుల శుభ్రత.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు వైద్యులు, నర్సులు కావచ్చు. తక్కినవారు సైతం ఏదో ఒకనాడు రోగిని పరామర్శించబోయేవారే. ఆనాడు చేతులు కడుగుకొని లోనికి వెళ్లండి. గాయపు కట్టును తాకకండి. జలుబు, జ్వరం ఉంటే వెళ్లడం మానుకోండి. నలుగురు కలిసి మంచం చుట్టూ మూగకండి. మన ఆప్యాయత రోగికి హాని కారాదు. తన చేతిలో జరిగిన కీడును తానే లెక్కించి లోకానికి చెప్పిన చార్న్‌లీ నిజాయితీ, ఏ వృత్తిలో ప్రవేశించినా మీకు ఆదర్శం కావాలి.