కన్నీళ్లతో కాల్చిన నాన్న

పిల్లలతోనూ పెద్దలతోనూ కూర్చుని నవలలు చదివించడం నాకు ఏళ్లనాటి అలవాటు. చిమమండా ఎన్‌గోజీ అడీచీ నవల 'పర్పుల్ హైబిస్కస్' (2003) చేతికి తీసుకునేవాళ్లకు నేను చెప్పేవి ఇవి.

1. తండ్రి యూజీన్‌ను తొందరపడి రాక్షసుడని తేల్చేయకండి. నైజీరియాలో సైనిక పాలన నడుస్తుంటే జంకకుండా నిజాలు రాసే పత్రిక అతనిది. ఊళ్లో చెయ్యి చాచినవాళ్లకు లేదనడు. అదే మనిషి పదిహేనేళ్ల కూతురు కంబిలిని స్నానాల తొట్టిలో నిలబెట్టి పాదాల మీద మరిగే నీళ్లు పోస్తాడు. పాత నమ్మకాలు వదలని తాతతో ఒకే ఇంట్లో ఉన్నానని నాన్నకు చెప్పకపోవడం ఆ పిల్ల చేసిన నేరం. పోస్తూ తనూ ఏడుస్తాడు. ఆ ఏడుపు నటన కాదు. అందుకే కంబిలికి అతన్ని ద్వేషించడం చేతకాదు. "ఎంతైనా పిల్లల మంచికే కదా" అనేవాళ్లు ఇక్కడ నాకు తప్పకుండా తగులుతారు. వాళ్లచేత ఆ పేజీ మళ్లీ పైకి చదివిస్తాను.

2. ఆ ఇంట్లో ఎవరూ నోరు విప్పరు కాబట్టి వస్తువుల మీద ఓ కన్నేసి ఉంచండి. అమ్మానాన్నల గదిలోంచి దెబ్బల చప్పుడు వినిపించిన ప్రతిసారీ, ఆ తర్వాత తల్లి అలమరలోని నాట్యకత్తెల బొమ్మలు ఒక్కొక్కటే తుడుస్తుంది. పిల్లల బల్లల పైన గోడకు అంటించిన టైంటేబుల్లో ప్రార్థనకూ చదువుకూ నిద్రకూ గంటలున్నాయి. నవ్వడానికి లేదు.

3. ఎన్‌సుక్కాలో మేనత్త ఇఫియోమా ఇంటికి వచ్చాక నిదానంగా చదవండి. యూనివర్సిటీలో పాఠాలు చెప్పే వితంతువు, ముగ్గురు పిల్లలు, డబ్బుకు కటకట. కంబిలికి ఆకుకూర బాగుచేయడం రాదని మేనత్త కూతురు అమాకా దెప్పుతుంది. నీకు నోరు లేదా, జవాబు చెప్పమని మేనత్త గదమాయిస్తుంది. అరవక్కర్లేదు, నాకు రాదు, నువ్వు నేర్పించు అంటుంది కంబిలి. అన్న జాజా తండ్రిని ధిక్కరించిన ఘట్టం కన్నా నాకు ఇదే పెద్ద సాహసం.

4. చిన్నప్పుడు ఒక మతగురువు యూజీన్ చేతుల్నీ వేడినీళ్లలో ముంచాడు. అది కారణం, అంతే. మాఫీ కాదు.

5. చివర్లో తల్లి ఏం చేసిందో, జాజా దేన్ని నెత్తినేసుకున్నాడో మీరే చదవండి. చదివాక ఆమె మీద తీర్పుకు దిగేముందు పేజీలు వెనక్కి తిప్పండి. ఆ ఇంట్లో జరిగేది బయట ఎవరెవరికి తెలుసు, వాళ్లలో ఎవరు అడిగారు? మేనత్త తర్వాత మీకు ఎక్కువ పేర్లు దొరకవు.